పొందికే యంత్రానికి ప్రాణమని చూపిన అల్ జజరీ

యంత్రం చిన్నదైనా పెద్దదైనా దాని మంచిచెడ్డలు తేలేది రెండు భాగాలు కలిసే చోటే. ఒకటి మరొకదానిలో బిగుసుకుపోతే కదలిక ఉండదు. వదులైతే నీరు కారుతుంది, చప్పుడొస్తుంది, భాగాలు త్వరగా అరిగిపోతాయి. షెడ్డుల్లో, లేత్ వర్క్‌షాపుల్లో పనిచేసే మన సోదరులకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఎనిమిది శతాబ్దాల కిందటే ఈ పొందిక కుదిర్చే పద్ధతులను గ్రంథస్థం చేసిన ముస్లిం ఇంజనీరు గురించి మనలో ఎందరికి తెలుసు? ఆయనే బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ అల్ జజరీ.

దజ్లా, ఫురాత్ నదుల ఎగువ భాగాల నడుమనున్న ప్రాంతాన్ని అరబ్బులు అల్ జజీరా అనేవారు. ఆయన పేరు ఆ ప్రాంతం నుంచే వచ్చింది. నేటి తుర్కియాలోని దియార్‌బకిర్‌ను ఆ రోజుల్లో ఆమిద్ అని పిలిచేవారు. అక్కడి అర్తుకీ పాలకుల కొలువులో తండ్రి దగ్గర, తర్వాత ఆయన ఇద్దరు కుమారుల దగ్గర జజరీ పాతికేళ్లపాటు పనిచేశారు. వజూకు చేతులపై సేవకులు నీళ్లు పోయడం పాలకుడు నాసిరుద్దీన్ మహమూద్‌కు నచ్చేది కాదు. ఆయన కోసం నీళ్లు పోసే యంత్రాన్నే జజరీ తయారుచేశారు. చేసిన శ్రమంతా వృథా కాకుండా పుస్తకంగా రాయమని కోరినవారు కూడా ఆ పాలకుడే. హిజ్రీ 602లో, అంటే క్రీ.శ. 1206లో ఆ గ్రంథం పూర్తయింది. అందులో ఆరు విభాగాలు, 50 పరికరాలు ఉన్నాయి. జజరీ కన్నుమూసింది కూడా 1206లోనే.

ఆయన నీటి గడియారాన్నే చూద్దాం. తొట్టిలో నీటిమట్టం తగ్గేకొద్దీ ధార నెమ్మదిస్తుంది, గంటలు తప్పుతాయి. అందుకని పెద్ద తొట్టి కింద చిన్న గది, అందులో నీటిపై తేలే బుడ్డి, దానిపై శంకువు ఆకారపు బిరడా అమర్చారు. మట్టం పెరిగితే బిరడా పైకి లేచి రంధ్రాన్ని మూస్తుంది, తగ్గితే తెరుస్తుంది. మూసినప్పుడు చుక్క జారినా మట్టం పెరిగి లెక్క చెడుతుంది. ఉలితో, ఆకురాయితో అంత నునుపు రాదు. కనుక బిరడానూ దాని గూడునూ ఎమెరీ పొడి వేసి, ఒకదానిపై ఒకటి తిప్పుతూ, నీరు చొరకుండా నూరారు. ఈనాడు ఇంజన్ విప్పిన మెకానిక్ పేస్టు రాసి వాల్వును దాని సీటులో తిప్పి నూరేదీ ఇదే పద్ధతిలో!

అరుగుదలను కూడా ఆయన విస్మరించలేదు. నది ప్రవాహంతో తిరిగే చక్రానికి రెండు రాగి సిలిండర్లు కలిపి నీటిని పైకి తోడే పంపు చేశారు. రాగి పిస్టన్ రాగి గోడకు అంటుకునేలా చేస్తే రెండూ ఒరుసుకుని పాడవుతాయి. అందుకే పిస్టన్‌ను రెండు బిళ్లలుగా చేసి, వాటి నడుమ సుమారు 6 సెంటీమీటర్ల సందులో జనపనార తాడు చుట్టారు. సందు మూసేదీ, అరిగేదీ తాడే. తాడు మార్చితే పంపు మళ్లీ కొత్తదే. మన ఊళ్లలో చేతిపంపుకు తోలు వాషర్ మార్చడం వెనుక ఉన్న ఆలోచనా ఇదే. అరిగే పనిని చౌకైన, మెత్తని భాగానికి అప్పగించి ఖరీదైన దాన్ని కాపాడుకోవడం!

చెక్క వంగకుండా పలకలను పొరలుగా అతికించడం, చక్రం ఒకవైపు మొగ్గకుండా తూకం సరిచూడటం, ముందుగా కాగితంతో నమూనా చేసుకోవడం ఆయన అలవాట్లు. చేసి చూడకుండా రాసిన సిద్ధాంతాన్ని ఆయన నమ్మేవారు కాదు. పూర్వపు మహనీయులైన బనూ మూసా సోదరుల ఫౌంటెన్లలోనూ ధార మారే వ్యవధి చాలదని గమనించి, తనదైన పద్ధతిని ఎంచుకున్నారు. గౌరవం తగ్గించకుండానే లోపం సరిదిద్దవచ్చని దీనివల్ల మనకు తెలుస్తోంది.

అయితే చేత్తో నూరి కుదిర్చిన బిరడా తన గూటికే సరిపోతుంది. అది పోతే మరొకటి మళ్లీ నూరుకోవలసిందే. నేటి పరిశ్రమ కొలతకు హద్దులు గీసి ఈ ఇబ్బంది దాటింది. ఉదాహరణకు 25 మి.మీ. రంధ్రం 0.021 మి.మీ. వరకు పెద్దదిగా ఉండవచ్చు, అందులో జారే షాఫ్టు 0.007 నుంచి 0.020 మి.మీ. వరకు చిన్నదిగా ఉండాలి. ఆ హద్దుల్లో ఎక్కడ తయారైనా ఏ షాఫ్టు ఏ రంధ్రంలోనైనా ఒదుగుతుంది. ఈ అనుమతించిన తేడానే టాలరెన్స్ అంటారు.

డొనాల్డ్ హిల్ 1974లో ఈ గ్రంథాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. 1976లో లండన్‌లో జజరీ గడియారాన్ని తిరిగి నిర్మిస్తే అది పనిచేసింది. పనితనాన్ని దాచుకోకుండా రాసిపెట్టిన ఫలితమిది. మన బస్తీల్లో వేలితో తడిమి బేరింగ్ అరిగిందో లేదో చెప్పే ఉస్తాదులు ఎందరో ఉన్నారు. వారి హునర్ వారితోనే పోకూడదు. షెడ్డులో చేరిన పిల్లవాడికి పానాతోపాటు మైక్రోమీటరు పట్టడమూ, కొలత రాసుకోవడమూ నేర్పుదాం. జజరీకి మనం చూపగల గౌరవం అదే.