రక్తంలో తేడా కనిపెట్టిన వైద్యుడు

గనిలో ప్రమాదం జరిగినా, కాన్పులో తల్లికి ప్రాణం మీదికి వచ్చినా మన మందమర్రి సంఘాల యువకులు రక్తమివ్వడానికి ఆసుపత్రికి పరుగెత్తుతారు. అక్కడ మొదట అడిగేది గ్రూపు. ఆ ప్రశ్న మనకు నేర్పినవారు డాక్టర్ కార్ల్ లాండ్‌స్టైనర్.

ఆయన 1868 జూన్ 14న వియన్నాలో యూదు కుటుంబంలో జన్మించారు. ఆరేళ్ల ప్రాయంలో తండ్రి చనిపోగా తల్లి ఫానీ పెంచి పెద్దచేసింది. 1890లో క్యాథలిక్ సంఘంలో చేరారు. వైద్యం చదివినా ప్రయోగశాలలోనే ఎక్కువ కాలం గడిపారు.

ఆ రోజుల్లో ఒకరి రక్తం మరొకరికి ఎక్కిస్తే కొందరు బ్రతికేవారు, కొందరు చనిపోయేవారు. కారణం తెలియదు. లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ తోటివారి రక్తాన్నీ తీసి, ఒకరి కణాలను మరొకరి సీరంతో కలిపి చూశారు. కొన్ని జతల్లో కణాలు ముద్దకట్టాయి, కొన్నిటిలో కట్టలేదు. ఆరోగ్యవంతుల రక్తంలోనే ఈ తేడా ఉందని 1901లో వెల్లడించి, మూడు గ్రూపులుగా విభజించారు. మరుసటి ఏడు ఆయన సహచరులు నాలుగవదైన ఏబీని గుర్తించారు.

ఆసుపత్రులు దీనిని వెంటనే పాటించలేదు. రక్తమెక్కించే ముందు ఇద్దరి రక్తాన్నీ సరిపోల్చడం 1907లో న్యూయార్క్‌లో రూబెన్ ఓటెన్‌బర్గ్ అనే వైద్యుడు మొదలుపెట్టారు. లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ బహుమతి లభించింది. 1940లో అలెగ్జాండర్ వీనర్‌తో కలిసి ఆర్‌హెచ్ అంశాన్ని ప్రకటించారు. 1943 జూన్‌లో ప్రయోగశాలలోనే గుండెపోటు వచ్చి, రెండు రోజులకు కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే నేడు ప్రపంచ రక్తదాతల దినం.

గ్రూపు కలిస్తే చాలదు. మన దేశంలో సేకరించిన ప్రతి సంచికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. అయినా సోకిన తొలి రోజుల్లో కొన్ని వ్యాధులు పరీక్షకు దొరకవు. కాబట్టి దాత చెప్పే నిజమే మొదటి పరీక్ష. బంధువు మంచం మీద ఉన్నాడనో, నలుగురిలో సిగ్గనో పాత జబ్బును దాచవద్దు. నిజం చెప్పి, రక్తమివ్వకుండా తిరిగి వచ్చిన సహోదరుణ్ణి సంఘంలో ఎవరూ చులకన చేయవద్దని మా మనవి. అతడు కూడా ఒక ప్రాణం కాపాడినవాడే.

రోగి పక్కన ఉన్నవారికి మరొక మాట. తొందరలో ఒకరి సంచి మరొకరికి తగిలించడం వల్ల కూడా ప్రాణాలు పోతాయి. ఎక్కించే ముందు పేరు, నంబరు, గ్రూపు మరోసారి చూడమని నర్సమ్మను మర్యాదగా అడగండి. అడగడం తప్పు కాదు.