రుడాల్ఫ్ విర్కో

రుడాల్ఫ్ విర్కో (అక్టోబరు 13, 1821 - సెప్టెంబరు 5, 1902) జర్మనీకి చెందిన సుప్రసిద్ధ వైద్యుడు, వ్యాధి శాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. రక్తనాళాలలో గడ్డకట్టిన రక్తం ఒకచోట పుట్టి మరొకచోట ప్రాణం తీయగలదని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. ఆధునిక వ్యాధి శాస్త్రానికి పితామహుడుగా పేరుపొందాడు.

బాల్యం, విద్యాభ్యాసం

విర్కో ప్రష్యా రాజ్యంలోని పొమెరేనియా ప్రాంతంలో షీఫెల్‌బైన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఈ పట్టణం ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1843లో బెర్లిన్‌లో వైద్యపట్టా పొంది, అక్కడి షారిటే ఆసుపత్రిలో చేరి శవపరీక్షలు నిర్వహించాడు. 1845లో తెల్లరక్తకణాలు విపరీతంగా పెరిగిన ఒక రోగి వివరాలను ప్రచురించి, 1847లో ఆ వ్యాధికి లుకేమియా అని పేరుపెట్టాడు.

రక్తపు గడ్డలపై పరిశోధన

సిరల గోడలకు కలిగే వాపు వల్లనే వాటిలో రక్తం గడ్డకడుతుందని ఆ కాలంలో ఎక్కువమంది వైద్యులు విశ్వసించేవారు. ఫ్రెంచి వైద్యుడు క్రువేయె ఈ వాదానికి ప్రముఖ సమర్థకుడు. ఊపిరితిత్తుల ధమనిలో కనిపించే గడ్డ కూడా అక్కడే పుట్టిందని భావించేవారు.

విర్కో శవపరీక్షలలో ఇటువంటి గడ్డలతో పాటు కాళ్ళ సిరలలోనూ గడ్డలు ఉండటాన్ని గమనించాడు. కాలి సిరలోని గడ్డ కొస నుండి ముక్క విడివడి, రక్తప్రవాహంతో గుండె కుడిభాగానికి, అక్కడినుండి ఊపిరితిత్తులకు చేరుతుందని ఊహించాడు. దీనిని పరీక్షించటానికి కుక్కల మెడ సిరలలోకి రబ్బరు ముక్కల వంటివి ప్రవేశపెట్టగా, అవి ఊపిరితిత్తుల ధమనులలో చిక్కుకొని కనిపించాయి. నాళంలో రక్తం గడ్డకట్టడాన్ని థ్రాంబోసిస్ అని, గడ్డ కదిలివెళ్ళి దూరాన నాళాన్ని మూసివేయడాన్ని ఎంబాలిజం అని వ్యవహరించాడు. ఈ విషయాలను 1856లో వెలువడిన తన వ్యాస సంకలనంలో విపులంగా చర్చించాడు.

రక్తప్రవాహం మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలను నేడు విర్కో త్రయం అంటారు. ఆయన వీటిని ఒకే సూత్రంగా ప్రకటించలేదు. ఈ పేరు ఆయన మరణానంతరం చాలాకాలానికి వాడుకలోకి వచ్చింది. శస్త్రచికిత్స తరువాత రోగిని త్వరగా నడిపించడానికి, గడ్డకట్టకుండా మందులివ్వడానికి ఈ అవగాహనే ఆధారం.

ప్రజారోగ్యం, రాజకీయాలు

1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం ప్రబలగా ప్రభుత్వం విర్కోను పరిశీలనకు పంపింది. పేదరికం, నిరక్షరాస్యత, ప్రభుత్వ నిర్లక్ష్యమే వ్యాధికి మూలమని ఈయన నివేదించాడు. అదే సంవత్సరం బెర్లిన్ తిరుగుబాటులో పాల్గొన్నాడు. తత్ఫలితంగా 1849లో బెర్లిన్ వదలి వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరవలసి వచ్చింది.

1856లో తిరిగివచ్చి, 1858లో కణాల మార్పులే వ్యాధులకు మూలమని వివరించే ఉపన్యాస గ్రంథాన్ని ప్రచురించాడు. నగరపాలక సభ్యుడుగా బెర్లిన్ మురుగునీటి వ్యవస్థ నిర్మాణానికి కృషిచేశాడు. ప్రష్యా శాసనసభలో బిస్మార్క్‌ను తీవ్రంగా వ్యతిరేకించాడు.

విమర్శలు

ప్రసూతి జ్వరాన్ని నివారించటానికి వైద్యులు చేతులు శుభ్రపరచుకోవాలన్న సెమ్మెల్‌వైస్ సిద్ధాంతాన్ని విర్కో అంగీకరించలేదు. సూక్ష్మక్రిములే వ్యాధికి కారణమన్న వాదాన్ని కూడా చాలాకాలం సందేహించాడు. శాస్త్రలోకంలో ఆయన మాటకున్న విలువ వల్ల ఈ వ్యతిరేకత కొత్త ఆలోచనలకు అడ్డంకి అయిందని విమర్శ ఉంది.

మరణం

1902 జనవరిలో బెర్లిన్‌లో కదులుతున్న ట్రాము నుండి దిగబోయి పడగా ఆయన తొడ ఎముక విరిగింది. పూర్తిగా కోలుకోలేక ఆ సంవత్సరం సెప్టెంబరు 5న మరణించాడు.