గిడుగు మాస్టారి చెవి

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. 1880లో 30 రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారుగా చేరారు. కొండల్లోని సవరల మాట విని నేర్చుకుని, వారి పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆ కొండల్లో పట్టుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. అయినా తెలుగు పిల్లల పుస్తకాల్లో వాడుక భాష ఉండాలని 1940లో కన్నుమూసేదాకా వాదించారు.

మన స్వర్ణోత్సవానికి ఆయన బొమ్మను లినోలియం పలక మీద చెక్కి అచ్చు తీశాను. యాభై ఏళ్లకు యాభై ప్రతులే. అన్నిటికన్నా చివర చెవిని చెక్కాను. పిల్లల మాట వినడానికి చెవినే ఖర్చుపెట్టిన మాస్టారాయన. అందుకే మొదటి ప్రతి మన ఉపాధ్యాయుల గదికి ఇచ్చాను.