జమైకా చలనచిత్రకర్త పెర్రీ హెన్జెల్

ఒక దేశము స్వతంత్రమైన నాడే దానికి పతాకమును, జాతీయగీతమును, శాసనసభయు సమకూడును. కాని ఆ దేశప్రజలు తమ రూపమును, తమ భాషను, తమ సుఖదుఃఖములను తెరమీద చూచుకొను భాగ్యము అంత శీఘ్రముగా లభింపదు. కరిబియన్ సముద్రమునందలి జమైకా ద్వీపము 1962 ఆగస్టు 6వ తేదీన స్వాతంత్ర్యము పొందెను. అప్పటికి రాజధానియగు కింగ్‌స్టన్‌లో చిత్రశాలలకు కొదువ లేదు. ప్రేక్షకులకును కొదువ లేదు. లేనిది స్వదేశచిత్రము మాత్రమే. జనులు అమెరికా, ఇంగ్లండు, ఇటలీ దేశముల చిత్రములను చూచి సంతోషించుచుండిరి. ఈ లోపమును దాదాపు పది సంవత్సరముల పిమ్మట తీర్చినవాడు పెర్రీ హెన్జెల్.

హెన్జెల్ 1936 మార్చి 7వ తేదీన జమైకా ఉత్తరతీరమునందలి పోర్ట్ మరియా పట్టణమున జన్మించెను. ఆయనది శ్వేతజాతి కుటుంబము. పూర్వులలో గాజుపనివారును, ఆంటిగ్వా ద్వీపమున చెఱకు పండించి ధనమార్జించినవారును కలరు. ఆయన బాల్యము కింగ్‌స్టన్ సమీపమునందలి కేమనాస్ చెఱకుతోటలలో గడచెను. ఆ ద్వీపమున చెఱకుతోట యనగా చరిత్ర యంతయు నిమిడియున్న స్థలము. ఆఫ్రికానుండి తేబడిన బానిసల చెమటతో ఆ తోటలు పెరిగినవి. బానిసత్వము రద్దయిన తరువాత, 1845 మొదలు మన దేశమునుండియు కూలీలు ఒప్పందములపై అచ్చటికి కొనిపోబడిరి. అట్టిచోట యజమానుల పక్షమున పుట్టిన బాలుడు పెద్దవాడై పేదవాని కథను చెప్పబూనుట గమనింపదగిన విషయము.

పదునాలుగవయేట ఆయన ఇంగ్లండునందలి ష్రూస్‌బరీ పాఠశాలకు పంపబడెను. పిదప కెనడాలో మాంట్రియాల్ నగరమునందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున చేరెను. అనంతరము దారినపోవు వాహనముల నాశ్రయించి ఐరోపా యంతయు తిరిగి, లండన్‌లో బి.బి.సి. సంస్థయందు రంగస్థలపు పనివాడుగా కుదిరెను. ఉద్యోగము చిన్నదేయైనను, దృశ్యము నిర్మించుటలోని మెలకువలు ఆయనకు అచ్చట పట్టువడెను.

స్వదేశమునకు మరలివచ్చిన పిమ్మట ఆయన వ్యాపారప్రకటన చిత్రములను నిర్మింప నారంభించెను. 1963లో జమైకాలో టెలివిజన్ ప్రసారములు మొదలైనందున ఇట్టి చిత్రములకు గిరాకి పెరిగెను. కొలది సంవత్సరములలో ఆయన వందలకొలది ప్రకటనలు తీసెను. ఈ పనిని ఆయన చిన్నచూపు చూడలేదు. అర నిమిషములో చూపరి మనస్సును పట్టుకొనుట, తక్కువ ధనముతో పని ముగించుట, నటన నేర్వని సామాన్యులచేత నటింపజేయుట అను మూడు విద్యలును ఆయనకు ఇందువలననే అలవడెను. చలనచిత్ర పరిశ్రమయే లేని దేశమున ఆయనకు పాఠశాలయు, పెట్టుబడియు ఈ ప్రకటనలే.

పూర్తి నిడివిగల చిత్రమునకు ఆయన ఎన్నుకొన్న కథకు మూలము జమైకాలో జరిగినదే. 1948లో ఐవన్‌హో మార్టిన్ అను నేరస్థుడు చెరసాలనుండి తప్పించుకొని, పోలీసులను ఎదిరించి, తుదకు లైమ్ కే అను చిన్న దీవిలో కాల్చబడి మరణించెను. జనులు వానిని వీరునివలె చెప్పుకొనిరి. హెన్జెల్, నాటకకర్తయగు ట్రెవర్ రోన్ కలిసి ఈ వృత్తాంతమును తమ కాలమునకు మార్చి వ్రాసిరి. వారి నాయకుడు పల్లెనుండి బస్సులో కింగ్‌స్టన్‌కు వచ్చిన యువకుడు. గాయకుడు కావలెనని వాని కోరిక. వాని పాటకు గ్రామఫోను రికార్డుల యజమాని ఇరువది డాలర్లు మాత్రమిచ్చి సర్వహక్కులును తీసికొనును. బ్రదుకుతెరువు లేక గంజాయి వర్తకములో దిగి, పోలీసులను కాల్చి, పరారియైన పిమ్మటనే ఆ పాటకు దేశమంతట ప్రఖ్యాతి కలుగును. పాట వాడవాడల మ్రోగుచుండగా పాడినవాడు తుపాకులకు బలియగును.

నాయకపాత్రను గాయకుడైన జిమ్మీ క్లిఫ్ ధరించెను. కళాదర్శకత్వభారము హెన్జెల్ భార్య సాలీ వహించెను. బంధుమిత్రులును, ఐలండ్ రికార్డ్స్ స్థాపకుడగు క్రిస్ బ్లాక్‌వెల్‌ను ధనసహాయము చేసిరి. ఐనను ధనము చాలలేదు. డబ్బు ముగిసినపుడు చిత్రీకరణ ఆగుచు, దొరికినపుడు సాగుచు నుండెను. నిజమైన వీధులలో, నిజమైన పేదల వాడలలో చిత్రీకరించిరి. పాత్రలచేత ఇంగ్లండు ఉచ్చారణను పలికింపక, జమైకా సామాన్యులు మాటలాడు పలుకుబడినే పలికించిరి. ఇందువలన అమెరికాలో ఆంగ్లచిత్రమునకే ఆంగ్లమున వ్రాతలు తెరపై వేయవలసివచ్చెను. హెన్జెల్ తన దేశపు నుడికారమును మాత్రము విడువలేదు.

1972లో “ది హార్డర్ దే కమ్” అను ఈ చిత్రము కింగ్‌స్టన్‌లోని కరిబ్ చిత్రశాలలో ప్రదర్శింపబడెను. జనము విరుచుకొనిపడిరి. ఆహ్వానితులకే ఆసనములు దొరకలేదు. ఒక్కొక్క కుర్చీలో ఒకరికి మించి కూర్చుండిరి. తమ మాట తెరపై వినబడినపుడెల్ల వారి ఆనందమునకు మేర లేకపోయెను.

ఐతే స్వదేశమున పొందిన జయము విదేశమున అంత సులభముగా లభింపలేదు. లండన్‌లో కరిబియన్ ప్రజలు నివసించు బ్రిక్‌స్టన్ ప్రాంతమున ప్రదర్శన మొదట వెలవెలపోయెను. అప్పుడు హెన్జెల్ స్వయముగా వీధిలో నిలిచి కరపత్రములు పంచెను. క్రమముగా చిత్రశాల నిండెను. అమెరికాలో రోజర్ కోర్మన్ సంస్థ 1973లో చిత్రమును విడుదల చేసినను, ఆదరణ వెంటనే కలుగలేదు. పిమ్మట అర్ధరాత్రి ప్రదర్శనలద్వారా అది విద్యార్థులనడుమ వ్యాపించెను. బోస్టన్ సమీపమునందలి కేంబ్రిడ్జిలో ఒకే చిత్రశాలలో ఏండ్లతరబడి ఆడెను. ఇట్లు ఒక దేశమునుండి మఱియొక దేశమునకు తన చిత్రమును తానే మోసికొనిపోవుటలో ఆయన జీవితమున విలువైన సంవత్సరములు గడచెను. తన కథలోని గాయకునివలెనే ఆయనయు, సృష్టించుట సగము పనియేయనియు, జనులయొద్దకు చేర్చు మార్గములు పరులచేతులలో నున్నవనియు గ్రహించెను.

ఈ చిత్రములోని పాటల సంపుటము మఱింత దూరము ప్రయాణించెను. జిమ్మీ క్లిఫ్, టూట్స్ అండ్ ది మేటల్స్, డెస్మండ్ డెకర్, మెలోడియన్స్ మొదలగువారి పాటలద్వారా రెగే సంగీతము తొలిసారిగా అనేక దేశముల శ్రోతలకు పరిచితమయ్యెను. బాబ్ మార్లీ కీర్తి లోకమంతట వ్యాపించుటకు ముందుగా దారి చదును చేసినవానిలో ఈ చిత్రమొకటి.

రెండవ చిత్రము విషయమున విధి ఆయనను కఠినముగా పరీక్షించెను. “నో ప్లేస్ లైక్ హోమ్” అను చిత్రమును 1970 దశకమున ప్రారంభించెను. ప్రకటన తీయుటకై జమైకాకు వచ్చిన అమెరికా వనిత ఆ ద్వీపపు అంతర్భాగమును కనుగొనుట అందలి కథ. నడుమ ధనము ముగిసెను. తీసిన ఫిల్ము సైతము కనబడకపోయెను. హెన్జెల్ చలనచిత్రములను విడిచి రచనకు పూనుకొనెను. “పవర్ గేమ్” అను నవల 1982లో వెలువడెను. తొలి చిత్రకథను ఆయనయే సంగీతనాటకముగా మలచగా, 2006లో లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ ఈస్ట్ రంగస్థలమున అది ప్రదర్శింపబడి ప్రజాదరణ పొందెను.

పోయినదనుకొన్న ఫిల్ము ఎన్నో ఏండ్ల తరువాత న్యూయార్కులో దొరకెను. వ్యాధిగ్రస్తుడై యుండియు ఆయన దానిని కూర్చి పూర్తిచేసెను. 2006 సెప్టెంబరులో టొరంటో చలనచిత్రోత్సవమున అది ప్రదర్శింపబడెను. స్వదేశమున నెగ్రిల్ పట్టణములో ప్రదర్శన డిసెంబరు 1వ తేదీకి నిర్ణయింపబడెను. దానికి ముందుదినమున, అనగా నవంబరు 30న, ఆయన ట్రెజర్ బీచ్‌లో డెబ్బదియవయేట కన్ను మూసెను.

డెబ్బది సంవత్సరముల జీవితమున హెన్జెల్ పూర్తిచేసిన పెద్ద చిత్రములు రెండే. వానిలో ఒకదానిని లోకమునకు చేర్చుటకు ఏండ్లు పట్టినవి. రెండవదాని పూర్తికి మూడు దశాబ్దములు పట్టినవి. సంఖ్యనుబట్టి చూచువారికి ఇది స్వల్పముగా తోచవచ్చును. కాని కరిబ్ చిత్రశాలలో ఆ రాత్రి ఒకే కుర్చీని పంచుకొని, తమ పలుకును తెరమీద విని మురిసిపోయినవారికి అది స్వల్పము కాదు.