షత్రంజ్ ఉస్తాద్ మీర్ సుల్తాన్ ఖాన్

షత్రంజ్ పేరు ఎత్తితే ముఖం చిట్లించే బుజుర్గులు మనలో ఉన్నారు. వారి మాట కాదనం. అయినా మీర్ సుల్తాన్ ఖాన్ మర్హూం సంగతి మన పిల్లలకు తెలియాలి.

పంజాబ్‌లోని మిఠా టివానా వారి ఊరు. తొమ్మిదో ఏట తండ్రి దగ్గర ఆట నేర్చారు. అది దేశవాళీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడుస్తుంది. జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ వారి ఆట చూసి తన కొలువులో పెట్టుకొన్నారు. 1929 వసంతంలో లండన్ తీసుకుపోయారు.

అక్కడ బంటు రెండు గడులు దూకుతుంది. మొదటి పది ఎత్తులకే దొరలు పుస్తకాలకు పుస్తకాలు రాసుకొన్నారు. అభ్యాసం కోసం పెట్టిన చిన్న పోటీలో సుల్తాన్ ఖాన్ చివరి స్థానంలో మిగిలారు. తర్వాత విలియం వింటర్, ఫ్రెడరిక్ యేట్స్ అనే ఇద్దరు ఆటగాళ్లు దగ్గర కూర్చోబెట్టుకొని తయారు చేశారు. ఆ వేసవిలోనే రామ్స్‌గేట్‌లో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు! 1932, 1933లలో మళ్లీ గెలిచారు. ఆయనకు చదువే రాదని చాలామంది రాశారు. కుటుంబంవారు ఆ మాటను ఖండించారు. ఉపాధ్యాయులం గనుక ఇది చెప్పకుండా ఉండలేము.

1930 చివర హేస్టింగ్స్‌లో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకా ఎదురుపడ్డాడు. సుల్తాన్ ఖాన్ ముందుగా రాజు వైపు గుర్రాన్ని తీశారు. ఈ ఎత్తులో ఒక సుళువుంది. బంటు ముందుకు పోతే వెనక్కి రాదు, గుర్రం రాగలదు. నడిమి బంట్లను ఎటు నడపాలో తర్వాత చూసుకోవచ్చు. ఎదుటివాడికి మన దారి వెంటనే తెలియదు. తర్వాత మంత్రి ముందరి బంటు, దాని పక్క బంటు నడిపారు. అయిదో ఎత్తులో అంచు బంటును ఒక్క గడి, కేవలం ఒక్క గడి జరిపారు. నల్ల శకటు వచ్చి తన రెండో గుర్రాన్ని పట్టకుండా కట్టిన అడ్డు అది. ఊళ్లో నేర్చిన నడకే అక్కరకొచ్చిందని మేమంటాం. తొందర లేకుండా గొంతు బిగిస్తూ పోతే 65వ ఎత్తుకు కాపాబ్లాంకా ఓటమి ఒప్పుకొన్నాడు.

చలి, మలేరియా ఆయన్ను బాధించాయి. 1933 చివర యజమానితోపాటు తిరిగి వచ్చేశారు. 1935లో ఖాడిల్కర్‌తో పది ఆటలాడి తొమ్మిది గెలిచారు, ఒకటి సమం. ఆపైన పొలం పనే.

1950లో గ్రాండ్‌మాస్టర్ బిరుదులు పంచినప్పుడు ఆయన్ను ఎవరూ తలవలేదు. 1966లో సర్గోధాలో క్షయతో ఇంతికాల్ అయ్యారు. బిరుదు 2024లో ఇచ్చారు. పిల్లలకు మాత్రం ఈ ఆట ఆయన నేర్పలేదట. అంతకన్న పనికొచ్చేది ఏదైనా చూసుకోమన్నారట.