మనసులను కలిపిన మైదానం

1947 ఆగస్టు మన దేశానికి ఆనందాన్నీ, ఆవేదననూ ఒకేసారి తెచ్చింది. స్వాతంత్ర్యం సిద్ధించింది, కాని దేశ విభజన లక్షలాది ప్రాణాలను బలిగొని, కోటి మందికి పైగా ప్రజలను నిరాశ్రయులను చేసింది. మరుసటి సంవత్సరం హైదరాబాదు సంస్థానం కూడా కల్లోలాన్ని చవిచూసింది. రజాకార్ల దౌర్జన్యాలు, 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య, దానిని అనుసరించిన హింస ప్రజల మధ్య అపనమ్మకాన్ని మిగిల్చాయి. అటువంటి కాలంలో ఒక బంతి ఆధారంగా మనుషులను ఒక్కచోటికి చేర్చిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రోజులలోనే మంచి ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా పేరు పొందారు. తరువాత నగరంలోని పలు పాఠశాలలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. శిష్యులు ఆయనను ప్రేమతో రహీం సాబ్ అని పిలుచుకునేవారు.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ జట్టు అదే సంవత్సరం విభజన అనంతరం తొలిసారిగా జరిగిన డ్యూరాండ్ కప్‌ను గెలుచుకున్నది. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్‌ను సాధించింది. గాయాలు మానని నగరానికి అందరూ కలిసి సంతోషించదగిన సందర్భాలను ఆ విజయాలు కల్పించాయి.

రహీం శిక్షణ విధానం విలక్షణమైనది. ఆటగాళ్ళు బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించేవారు. బంతిని తనవద్దే అట్టిపెట్టుకోక, వెంటనే సహచరునికి అందించడం నేర్పేవారు. ఆయన దృష్టిలో ఆట ఒకరి ప్రతిభా ప్రదర్శన కాదు, పదకొండు మంది పరస్పర విశ్వాసం.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలో భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణ పతకం సాధించింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోర పరాజయం ఎదురైనా ఆయన కుంగిపోలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగవ స్థానంలో నిలిపారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే.

1962 నాటికి రహీంను ఊపిరితిత్తుల క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. అయినా ఆయన జట్టుతో జకార్తా వెళ్ళారు. ఆ జట్టు ఒక చిన్న భారతదేశం. నాయకుడు చునీ గోస్వామి బెంగాల్ వాడు. ఫ్రాంకో అప్పుడే విముక్తి పొందిన గోవా బిడ్డ. బలరాం సికింద్రాబాదు వాసి. యూసుఫ్ ఖాన్ హైదరాబాదీ. విభజన కాలంలో బాలుడిగా సరిహద్దు దాటి వచ్చినవాడు జర్నైల్ సింగ్.

ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆతిథ్య దేశం అనుమతించకపోవడాన్ని భారత ప్రతినిధి సోంధీ విమర్శించినందువల్ల జకార్తాలో మన దేశంపై ఆగ్రహం చెలరేగింది. భారత రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది ప్రేక్షకుల హేళనల నడుమ మన జట్టు దక్షిణ కొరియాతో అంతిమ పోటీకి దిగింది. లీగ్ దశలో అదే జట్టు మనలను 2-0తో ఓడించింది. తలకు గాయమై కుట్లు పడిన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ధైర్యంగా ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ మొదటి గోల్, జర్నైల్ రెండవ గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచింది. ఒకనాటి శరణార్థి బాలుడు దేశానికి స్వర్ణం తెచ్చిపెట్టాడు.

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మరొక స్వర్ణం దక్కలేదు.

ఆట చరిత్ర చేసిన గాయాలను పూర్తిగా మాన్పలేదు. కాని పక్కవానిని నమ్మి బంతిని అందించడం నేర్పుతుంది. గూడూరులోనైనా, హైదరాబాదులోనైనా, కళాశాల మైదానంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ రహీం సాబ్ జీవితం నుండి నేర్చుకోవలసిన పాఠం ఇదే.