దర్జీ కొడుకు రయీస్ హమీదూ

మధ్యధరా సముద్రానికి దక్షిణపు ఒడ్డున అల్జీర్స్ అనే రేవు పట్టణం ఉంది. ఇప్పటి అల్జీరియా దేశానికి అదే రాజధాని. అరబ్బులు దాన్ని అల్ జజాయిర్ అంటారు. 1770 ప్రాంతంలో ఆ పట్టణపు కస్బా వీధుల్లో అలీ అనే ఒక దర్జీ ఇంట మగబిడ్డ పుట్టాడు. తర్వాతి రోజుల్లో లోకం రయీస్ హమీదూ అని పిలిచింది ఆయననే. మన ఉర్దూలో రయీస్ అంటే ధనవంతుడు. ఆ దేశంలో మాత్రం ఓడ నడిపే కెప్టెన్‌ను రయీస్ అనేవారు.

తండ్రి తన వృత్తి నేర్పాలని కుర్రవాణ్ణి సూదీదారాల ముందు కూర్చోబెట్టాడు. కానీ కస్బా కొండ మీద ఏ మిద్దె ఎక్కినా కనిపించేది సముద్రమే. పదేళ్ల వయసులోనే హమీదూ అంగడి వదిలి ఓడలో చిన్న పనివాడుగా చేరిపోయాడు. తాళ్లు లాగడం, తెరచాపలు ఎక్కించడం, గాలి వాలు గమనించడం అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. ఏ నౌకా పాఠశాలలోనూ చదివినవాడు కాడు.

ఆ రోజుల్లో అల్జీర్స్ పేరుకు ఉస్మానియా సుల్తాను కింద ఉండేది. నిజానికి పాలన చేసేది డే అనే పాలకుడు. ఆయన్ను తురుష్క సైనికులే ఎన్నుకునేవారు, ఇష్టం లేకపోతే చంపి మరొకరిని కూర్చోబెట్టేవారు. పెద్ద పదవులు తురుష్కులకు, లేదా యూరప్ నుంచి వచ్చి ఇస్లాం స్వీకరించినవారికి దక్కేవి. అటువంటి చోట స్థానికుడైన ఒక దర్జీ కొడుకు నౌకాదళానికే పెద్ద కావడం మామూలు సంగతి కాదు. మొదట ఒరాన్ పట్టణపు బే ఆయన చేతికి ఓడ అప్పగించాడు. ఆ పేరు విని అల్జీర్స్ డే తన దగ్గరకు పిలిపించుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం విడమరచి చెప్పాలి. యూరప్‌వారు రాసిన పుస్తకాల్లో అల్జీర్స్ నావికులందరూ సముద్రపు దొంగలే. మన పిల్లలు ఇంగ్లీషు కథల పుస్తకాల్లో చదివేదీ అదే. దొంగ అయినవాడు దోచినది తానే పంచుకుంటాడు, ఎవరికీ లెక్క చెప్పడు. అల్జీర్స్ కెప్టెను పట్టిన ఓడను అలా తన ఇష్టం వచ్చినట్టు చేయడానికి వీల్లేదు. తన ప్రభుత్వంతో యుద్ధంలో ఉన్న దేశపు ఓడనే పట్టాలి. పట్టిన ఓడను రేవుకు తేవాలి, పైసాతో సహా లెక్క చూపాలి. ఇంగ్లాండ్, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలు కూడా అప్పట్లో ఇదే పని చేశాయి. శత్రువుల వర్తక ఓడలను పట్టుకోవడానికి ప్రైవేటు ఓడలకు ప్రభుత్వ అనుమతి పత్రాలు ఇచ్చాయి, పట్టిన ఓడల మీద తీర్పు చెప్పడానికి కోర్టులు పెట్టాయి. మాల్టా ద్వీపంలోని క్రైస్తవ యోధులు రెండున్నర శతాబ్దాల పాటు ముస్లింల ఓడలను పట్టి, అందులోని మనుషులను బానిసలుగా వాడుకున్నారు. 1798లో నెపోలియన్ ఆ ద్వీపాన్ని ఆక్రమించినప్పుడు గాని ఆ బానిసలకు విడుదల దొరకలేదు.

అల్జీర్స్‌లో ఈ వ్యవహారం ఎలా నడిచేదో తెలుసుకోవడం ఆసక్తిగా ఉంటుంది. సంధి ఉన్న దేశాల ఓడల దగ్గర పాస్ కాగితాలు ఉండేవి. ఇంగ్లీషువారి పాస్ పై భాగాన్ని వంకరటింకరగా కత్తిరించి, ఆ ముక్కలను అల్జీర్స్‌కు పంపేవారు. రయీస్ తన దగ్గరి ముక్కను ఎదుటి ఓడ కెప్టెన్ చూపిన కాగితానికి ఆనించి చూసేవాడు. రెండు అంచులూ కలిస్తే ఆ ఓడను ముట్టుకోకూడదు. అరబ్బీయే తప్ప మరో భాష చదవలేనివాడు కూడా మోసపోకుండా చేసిన ఏర్పాటు ఇది. కలవకపోతే కొందరు నావికులను ఎక్కించి ఆ ఓడను రేవుకు పంపేవాడు.

రేవులో నౌకాశాఖ బాధ్యత చూసే మంత్రిని వకీలుల్ ఖర్జ్ అనేవారు. ఈ మాట ఉర్దూ తెలిసినవారికి కొత్త కాదు. వకీలు మనకు తెలుసు, ఆ ఖర్జే మన ఇంటి ఖర్చు. సరుకును వేలం వేయించే మనిషి దల్లాల్, అంటే మన దళారి. లెక్క రాసే పుస్తకం దఫ్తర్. ఖజానా చూసే మంత్రి ఖజ్నాజీ. వేల మైళ్ల దూరంలోని రేవులో వాడిన మాటలను మనం రోజూ బజారులో వాడుతున్నాం!

ఓడా సరుకూ వేలంలో అమ్మాక ముందుగా ప్రభుత్వపు పాలు తీసేవారు. దాని పేరు బంజిక్. ఇది ఫార్సీలోని పంజ్‌యక్ అనే మాట నుంచి వచ్చింది, అంటే అయిదింట ఒకటి. యుద్ధంలో దొరికిన సొమ్ములో అయిదో వంతును, ఖుమ్స్‌ను, వేరు చేయాలని ఖుర్ఆన్‌లోని అన్ఫాల్ సూరా నిర్ణయించింది కదా, ఆ పేరుకు మూలం అదే. అయితే అల్జీర్స్‌లో ఆ పాలు ఎప్పుడూ ఒకేలా లేదు. కొన్ని కాలాల్లో ఏడింట ఒకటి, ఎనిమిదింట ఒకటి కూడా తీసుకున్నారు. ఆ తర్వాత రేవు రుసుము, దళారి కమీషన్, కూలీల జీతాలు తీసివేసేవారు. మిగిలినదాన్ని రెండు సగాలు చేసి, ఒక సగం ఓడ పెట్టుబడిదారులకు, రెండో సగం ఓడ సిబ్బందికి ఇచ్చేవారు. సిబ్బంది సగాన్ని వాటాలుగా విడగొట్టి హోదాను బట్టి పంచేవారు. హమీదూ కాలానికి పెద్ద యుద్ధ ఓడలు చాలావరకు ప్రభుత్వానివే గనుక యజమాని సగం కూడా ఖజానాకే వెళ్లేది. ఏ రయీస్ పట్టాడు, ఏ దేశపు ఓడ, ఏం సరుకు, ఎంతకు అమ్ముడైంది, ఒక్కో వాటాకు ఎంత వచ్చింది అన్నీ రాసి పెట్టారు. ఫ్రెంచివారు 1830లో అల్జీర్స్‌ను ఆక్రమించాక ఆ పుస్తకం వాళ్ల చేతికి చిక్కింది. ఆల్బర్ట్ దెవూ అనే ఫ్రెంచి అధికారి దాన్ని తన భాషలోకి మార్చి 1872లో అచ్చు వేయించాడు. హమీదూ జీవిత కథను రాసి పెట్టిందీ ఆయనే.

ఇంత పద్ధతిగా లెక్క రాసినా, ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆ పుస్తకంలో గోధుమలు, నూనె, ఉప్పుచేపల పక్కనే మనుషుల లెక్క కూడా ఉంది. పట్టుబడిన నావికులను మొదట డే ముందు నిలబెట్టేవారు. తన పాలుకు కావలసినవారిని ఆయన ఏరుకునేవాడు. వడ్రంగం, కమ్మరం తెలిసినవారికి గిరాకీ ఎక్కువ. మిగిలినవారు అంగట్లో అమ్ముడుపోయేవారు. ఇంటి దగ్గర భార్యాబిడ్డలు విడుదల సొమ్ము కోసం చందాలు పోగుచేసుకుంటూ ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. మాల్టాలో మనవారి గతీ ఇదే. ఒకరి తప్పు చూపి రెండోవారి తప్పును కడగలేము. పైగా ఖుమ్స్‌లో అనాథలకు, పేదలకు, బాటసారులకు హక్కు ఉంది. అల్జీర్స్‌లో ఆ పేరుతో వచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం సైనికుల జీతాలకే పోయేది. పేరు నిలిచింది, ఉద్దేశం పక్కకు జరిగింది అని నా అభిప్రాయం.

మళ్లీ హమీదూ దగ్గరకు వద్దాం. 1802లో ఆయన 44 ఫిరంగులున్న పోర్చుగల్ యుద్ధ ఫ్రిగేట్‌ను పట్టి అల్జీర్స్ రేవుకు తెచ్చాడు. అందులో 280 మందికి పైగా సిబ్బంది ఉన్నారు. యూరప్ యుద్ధ ఓడను పట్టి తేవడం ఆ కాలంలో అరుదు. ఊరంతా రేవు మీదికి వచ్చింది. ఆ ఓడకు పోర్తుకేసా అని పేరు పెట్టి ప్రభుత్వ దళంలో కలుపుకున్నారు, ఆ ఓడనే హమీదూ నడిపాడు కూడా. 1808లో పాలకుడు మారాడు. కొత్త డేకు హమీదూ పేరు ప్రతిష్ఠలు గిట్టలేదు, ఆయనను బీరూత్‌కు పంపించివేశాడు. మరుసటి ఏడు ఆ డే కూడా పోయాడు. తర్వాత వచ్చిన హాజీ అలీ వెంటనే హమీదూను వెనక్కు పిలిపించాడు. 1811లో ట్యునీషియా దళంతో పోరు జరిగినప్పుడు హమీదూ వాళ్ల ఫ్రిగేట్‌ను ఓడించి పట్టాడు. ఇద్దరూ ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసేవారే. చరిత్రకారులు దీన్ని ఆయన గొప్ప విజయాల్లో చేర్చారు గాని, చదువుతుంటే మనసుకు బాధ కలుగుతుంది.

ఇక అమెరికా సంగతి. ఆ దేశం స్వతంత్రమయ్యాక బ్రిటిష్ పాస్‌లు వారికి పనికిరాకుండా పోయాయి. 1785లో రెండు, 1793లో పదకొండు అమెరికా ఓడలను అల్జీర్స్ పట్టింది. 1795లో సంధి కుదిరింది. ఏటా పన్నెండు వేల బంగారు నాణేల విలువైన ఓడ సామగ్రి ఇస్తామని అమెరికా ఒప్పుకుంది. 1812లో హాజీ అలీ ఒక విచిత్రమైన లెక్క తీశాడు. అమెరికావారు సూర్యమానం ప్రకారం పదిహేడేళ్లకు చెల్లించారు. హిజ్రీ చాంద్రమానం ప్రకారం అవి పదిహేడున్నర ఏళ్లు. కాబట్టి ఆరు నెలల బాకీ ఉందన్నాడు! రంజాన్ మాసం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరగడం మనకు తెలుసు గదా, ఆ తేడాయే ఇది. అమెరికా కాన్సల్ టోబియాస్ లియర్ 27 వేల డాలర్లు కట్టినా ఆయనను దేశం నుంచి పంపించివేశారు. ఆ ఆగస్టులోనే ఎడ్విన్ అనే చిన్న అమెరికా వర్తక ఓడ పట్టుబడింది. దాని కెప్టెన్, పదిమంది నావికులు బందీలయ్యారు. అమెరికా అప్పుడు ఇంగ్లాండ్‌తో యుద్ధంలో మునిగి ఉంది.

ఆ యుద్ధం ముగియగానే, 1815 మార్చిలో అమెరికా అల్జీర్స్ మీద యుద్ధానికి దిగింది. స్టీఫెన్ డెకేటర్ నాయకత్వంలో పది ఓడలు బయలుదేరాయి. ఈ కబురు అల్జీర్స్‌కు సరిగా చేరలేదు. జూన్ 17న స్పెయిన్ తీరంలోని గాటా అగ్రం దగ్గర హమీదూ తన మషూదా ఓడలో ఒంటరిగా ఉన్నాడు. వస్తున్నవి ఇంగ్లీషు ఓడలనుకున్నాడు. అమెరికా జెండా కనిపించేసరికి ఆలస్యమైపోయింది. తెరచాపలన్నీ ఎత్తి అల్జీర్స్ వైపు, తర్వాత స్పెయిన్ రేవు వైపు తప్పించుకోజూశాడు. మొదటి గుండ్లకే ఆయన గాయపడ్డాడు. కిందికి తీసుకుపోతామంటే వద్దన్నాడు. పై అంతస్తు మీదే కుర్చీ వేయించుకుని కూర్చుని ఆజ్ఞలిస్తూ ఉండిపోయాడు. డెకేటర్ ఓడ గెరియేర్ దగ్గరకు వచ్చి పేల్చిన గుండుకు అక్కడే ప్రాణం పోయింది. శత్రువుల చేతికి చిక్కకుండా తన శరీరాన్ని సముద్రంలో వేయమని ముందే చెప్పి ఉంచాడట, అలాగే చేశారు. సుమారు ముప్పై మంది చనిపోయారు, 406 మంది పట్టుబడ్డారు.

జీవితమంతా ఓడలను పట్టి తెచ్చిన మనిషి ఓడ ఇప్పుడు తానే పట్టుబడ్డ ఓడ అయింది. రెండు రోజుల తర్వాత మరో అల్జీర్స్ ఓడ కూడా చిక్కింది. రెంటినీ స్పెయిన్‌లోని కార్తహేనా రేవుకు పంపారు. జూన్ ఆఖరున అల్జీర్స్‌లో సంధి మాటలు జరిగాయి. కొత్త డే ఉమర్ ఆగా కప్పం మానుకోవడానికి, అమెరికా బందీలను వదలడానికి, ఎడ్విన్ తదితర నష్టాలకు పది వేల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. తన రెండు ఓడలూ తిరిగి ఇవ్వాలని గట్టిగా అడిగాడు. సంధి పత్రంలో రాయకపోయినా, మర్యాద కోసం ఇస్తామన్నాడు డెకేటర్. మషూదా అల్జీర్స్‌కు తిరిగి చేరింది. రెండో ఓడను స్పెయిన్‌వారు తమ తీరపు నీళ్లలో పట్టారని చెప్పి ఆపివేశారు. ఆ ఒక్క ఓడ మీద తర్వాత చాలా తగాదా నడిచింది.

ఓడలు తిరిగి ఇచ్చేస్తే, వాటిని పట్టిన అమెరికా నావికుల వాటా మాటేమిటి? వారి చట్టంలోనూ పట్టినవారికి పాలు ఉండేది. 1816 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ వేరే చట్టం చేసి, ఆ ఓడల బదులు లక్ష డాలర్లు డెకేటర్‌కు, ఆయన మనుషులకు మంజూరు చేసింది. విడుదలైన ఎడ్విన్ నావికుల కథ మాత్రం విషాదంగా ముగిసింది. సంధి పత్రంతో పాటు వారిని ఎపర్వియర్ అనే ఓడలో స్వదేశానికి పంపారు. జూలైలో జిబ్రాల్టర్ దాటిన ఆ ఓడ మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

హమీదూకు సమాధి లేదు. అల్జీర్స్‌కు పడమటగా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పేటను ఫ్రెంచి పాలనలో పాయింట్ పెస్కాడ్ అనేవారు. అల్జీరియా స్వతంత్రమయ్యాక దానికి రయీస్ హమీదూ అని పేరు పెట్టారు. ఈనాటికీ ఆ పేరే ఉంది.